బోర్డు దగ్గర కొలిస్తే 4.6 వోల్టులు

2023 ఏప్రిల్ చివరలో, ఇంటర్ జవాబు పత్రాల మూల్యాంకనం ముగిసిన వారానికి, వరంగల్ మట్టెవాడలో ఉన్న మా మేనమామ గోదాము నుంచి ఒక పాత వీడియో గేమ్ డబ్బా ట్రాలీ ఆటోలో హనుమకొండలోని మా ఇంటి వరండాకు చేరింది. 1990ల చివర్లో మామ నడిపిన చిన్న దుకాణంలో ఇటువంటివి నాలుగు ఉండేవి. మూడింటిని పాత సామాను వాళ్లు తూకానికి కొనుక్కుపోగా, ప్లైవుడ్ పెట్టె, ఇరవై అంగుళాల పిక్చర్ ట్యూబు, రెండు స్టిక్కులు ఉన్న ఈ ఒక్కటి మాత్రం గోనె సంచుల వెనుక మిగిలిపోయింది. లోపల ఉన్నది 1993లో క్యాప్‌కామ్ విడుదల చేసిన ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ ఆట బోర్డు. ఆ పేరు చెబితే మా ఊళ్లో ఎవరూ గుర్తుపట్టరు. ఆటలోని నలుగురు వీరుల్లో ఒకడి పేరు మీద అందరూ దాన్ని ‘ముస్తఫా’ అనే పిలిచేవారు, నా ఈడు వాళ్లకు ఇప్పటికీ ఆ పేరే తెలుసు. డబ్బా ఎప్పుడు ఆగిపోయిందని అడిగితే మామ, “2008 మేడారం జాతర్ల జనరేటర్ మీద నడిపిచ్చినం అల్లుడా, రెండో రోజు రాత్రి టప్పుమన్నది, గంతే” అన్నాడు.

జూనియర్ కళాశాలలో ఇరవై ఏళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్న నాకు ఈ పని పెద్ద కష్టం కాదనుకున్నాను. పుస్తకంలో ఉన్న వలయాలకూ, పదిహేనేళ్లు దుమ్ములో పడి ఉన్న వలయానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో తరువాతి రెండు నెలల్లో తెలిసి వచ్చింది. కళ్లకు కనిపించేది తెర ఒక్కటే కాబట్టి ఏ లోపం వచ్చినా దాన్ని తెర మీదికే నెట్టడం నేను చేసిన మొదటి పొరపాటు. తెర మీద నేను చూసిన తప్పుల్లో చాలావరకు తెరవి కావు, తెరకు లేదా బోర్డుకు అందవలసిన విద్యుత్తు దారిలో ఎక్కడో అందకపోవడం వల్ల పుట్టినవి.

వెనుక తలుపు తీయగానే జాతర ఎర్రమట్టి పొరలు పొరలుగా కనిపించింది. అడుగున ఎలుక కట్టుకున్న గూడు, అందులో కొరికిన తీగల రంగురంగుల ముక్కలు ఉన్నాయి. పెయింట్ బ్రష్షుతోనూ గాలి ఊదే బ్లోయరుతోనూ ఒక పూటంతా శుభ్రం చేశాను. పిక్చర్ ట్యూబు మెడ దగ్గర మాత్రం చేయి తగలకుండా జాగ్రత్తపడ్డాను, ఎందుకంటే లోపల శూన్యం ఉన్న ఆ గాజు గొట్టంలో అన్నిటికన్నా సన్నని భాగం మెడే, అది చిట్లితే ట్యూబు పనికి రాకుండా పోతుంది. ఆ తరువాత తొందరపడి ప్లగ్గు గోడకు పెట్టాను. ఫ్యూజు పోయింది. ఆ గాజు ఫ్యూజు లోపల తీగ తెగి ఊరుకోలేదు, గాజంతా అద్దం పూసినట్టు నల్లగా మారింది. తీగ మాత్రమే తెగి గాజు శుభ్రంగా ఉంటే ఫ్యూజు వయసు తీరి పోయిందనో, కాస్త ఎక్కువ కరెంటు లాగిందనో అనుకోవచ్చు. ఇలా నల్లబడితే లోపల పూర్తి షార్టు ఉన్నట్టే. అప్పటికి నాకు ఆ తేడా తెలియదు, అందుకే రెండో ఫ్యూజు కూడా వేసి దాన్నీ కాల్చుకున్నాను.

మూడో ఫ్యూజు వేయకముందే కాజీపేటలో నలభై ఏళ్లుగా టీవీలు బాగుచేస్తున్న పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు ఆయన దుకాణంలో ఎల్‌ఈడీ టీవీల బ్యాక్‌లైట్ పట్టీలే ఎక్కువగా కనిపిస్తాయి, పిక్చర్ ట్యూబు అనగానే ఆయన ముఖం వికసించింది. సంగతి విని ఆయన వేసిన మొదటి ప్రశ్న, “సిరీస్ బోర్డు పెట్టినవా సారూ?” పెట్టలేదన్నాను. “మరి ఫ్యూజులు అమ్మెటోన్కి లాభం చేసినవు” అని నవ్వాడు.

సిరీస్ బోర్డు అంటే చెక్క మీద ఒక సాకెట్టు, ఒక బల్బు హోల్డరు. పరీక్షించవలసిన పరికరానికి వెళ్లే ఫేజు తీగ మధ్యలో పాత తీగ బల్బు ఒకటి ఉంటుంది. పరికరంలో షార్టు ఉంటే 230 వోల్టులూ బల్బు మీదే పడి అది పూర్తి కాంతితో వెలుగుతుంది, పరికరం మాత్రం కాలిపోదు. అంతా సరిగా ఉంటే ఫిల్టర్ కండెన్సర్ నిండే క్షణం ఒకసారి మెరిసి తరువాత మసకబారుతుంది. ఇది పని చేయాలంటే ఫిలమెంటు బల్బే కావాలి, ఎల్‌ఈడీ బల్బు పెడితే ఏమీ తెలియదు. మా వీధిలో ఫిలమెంటు బల్బు దొరకక చివరికి పోచమ్మ మైదాన్ దగ్గరి పూజా సామగ్రి దుకాణంలో 60 వాట్లది ఒకటి దొరికింది.

ఇంటికి వచ్చి మానిటర్ ప్లగ్గు తీసి, ఆట బోర్డుకు విద్యుత్తు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ ఒక్కదాన్నే సిరీస్ బోర్డు మీద పెట్టాను. బల్బు మెరిసి మసకబారింది, కాబట్టి అక్కడ షార్టు లేదు. మానిటర్ ఒక్కదాన్నే పెడితే బల్బు ఆరకుండా వెలుగుతూనే ఉంది. దోషి దొరికాడని సంతోషించి ఫోన్ చేశాను. ఆయన వెంటనే, “డీగాసింగ్ ప్లగ్గు తీసినవా?” అని అడిగాడు. ట్యూబు చుట్టూ ఉండి దానికి అంటిన అయస్కాంతత్వాన్ని పోగొట్టే డీగాసింగ్ చుట్టకు విద్యుత్తు పోజిస్టర్ అనే చిన్న భాగం గుండా వెళ్తుంది. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం చాలా తక్కువ, కరెంటు పారి వేడెక్కగానే నిరోధం పెరిగి చుట్టకు వెళ్లే కరెంటు దాదాపు ఆగిపోతుంది. మధ్యలో 60 వాట్ల బల్బు ఉంటే ఆ కరెంటు సుమారు పావు ఆంపియరుకు మించదు, పోజిస్టర్ తొందరగా వేడెక్కదు, అందుచేత అన్నీ బాగున్న మానిటర్ కూడా షార్టు ఉన్నట్టే కనిపిస్తుంది. తీగ నిరోధం ఉష్ణోగ్రతతో మారుతుందని ఏటా పాఠం చెబుతూ కూడా నేను ఈ మాట ఊహించలేకపోయాను.

డీగాసింగ్ ప్లగ్గు తీసి మళ్లీ చూసినా బల్బు వెలుగుతూనే ఉంది, అంటే ఈసారి షార్టు నిజమైనదే. మానిటర్ చాసిస్‌లో, అంటే ట్యూబును నడిపే వలయాల పలకలో, విద్యుత్తు లోపలికి వచ్చే చోట నాలుగు డయోడ్లు ఉంటాయి. ఒక్కొక్కదాని ఒక కాలు విప్పి మీటరుతో చూస్తే మూడు డయోడ్లు ఒక దిశలోనే కరెంటును పోనిచ్చాయి, నాలుగోది రెండు దిశల్లోనూ సున్నా చూపింది. జాతరలో జనరేటరు వోల్టేజీ ఒక్కసారిగా ఎగసినప్పుడు పోయి ఉంటుందని పెద్దాయన అన్నాడు, నేనూ అదే నమ్ముతున్నాను. ఒక్కటే పోయినా నాలుగూ మార్చమన్నాడు. మూడు ఆంపియర్లు, వెయ్యి వోల్టులు తట్టుకునే 1ఎన్5408 డయోడ్లు నాలుగు హనుమకొండ చౌరస్తా దగ్గరే దొరికాయి. వేసిన తరువాత బల్బు మెరిసి మసకబారింది. బల్బును తప్పించి నేరుగా పెడితే ట్యూబు మెడలో నారింజ రంగు వెలుగు కనిపించింది, పదిహేనేళ్ల తరువాత హీటరు వెలిగింది.

తెర మీద మాత్రం బొమ్మ లేదు. నడుమ అడ్డంగా కళ్లు చెదిరేంత ప్రకాశంతో ఒకే ఒక్క తెల్లని గీత వచ్చింది. పెద్దాయన ముందే హెచ్చరించి ఉండడం వల్ల ట్యూబుకు అధిక వోల్టేజీ ఇచ్చే ఈహెచ్‌టీ మీద ఉండే స్క్రీన్ కంట్రోల్‌ను వెంటనే తగ్గించాను, లేకపోతే ఎలక్ట్రాన్ల ధార అంతా ఒక్క గీత మీదే పడి అక్కడి ఫాస్ఫర్ పూత శాశ్వతంగా కాలిపోతుంది. గీత అడ్డంగా సాగి ఉంది కాబట్టి అడ్డం విక్షేపం పని చేస్తోంది, ఈహెచ్‌టీ పని చేస్తోంది, నిలువు విక్షేపం ఒక్కటే లేదు. ఇంత స్పష్టంగా తన జబ్బు తానే చెప్పే లోపం మరొకటి ఉండదు. వెతకవలసిన చోటు నిలువు విక్షేపాన్ని నడిపే చిప్పు వర్టికల్ ఐసీ, దాని చుట్టుపక్కల పది భాగాలు, అక్కడి నుంచి ధారను వంచే తీగచుట్ట యోక్‌కు వెళ్లే తీగలు.

చాసిస్ బయటికి తీసే ముందు ట్యూబులో మిగిలిన ఆవేశాన్ని తీసివేయాలి. రంగుల ట్యూబు ఆనోడు మీద ఇరవై వేల వోల్టులకు పైగా ఉంటుంది, ట్యూబు గాజే కండెన్సరులా పని చేసి ప్లగ్గు తీసిన తరువాత కూడా దాన్ని చాలాసేపు పట్టి ఉంచుతుంది. పెద్దాయన చూపించిన పద్ధతి ఇది: పొడవాటి స్క్రూడ్రైవరు లోహపు కడ్డీకి ఒక తీగ చుట్టి, దాని రెండో కొసను ముందుగా ట్యూబు వెనుక చుట్టి ఉండే జల్లెడ తీగకు క్లిప్పుతో బిగించాలి. ఆ తరువాతే స్క్రూడ్రైవరు మొనను రబ్బరు టోపీ కిందికి జరపాలి, రెండో చేయి వీపు వెనుక ఉండాలి. చిటుక్కుమని చిన్న చప్పుడు వచ్చింది. కాసేపాగి మళ్లీ పెట్టమన్నాడు, ఈసారి కూడా సన్నగా చిటుక్కుమంది. ఒక్కసారి తీసినంత మాత్రాన మొత్తం పోదు, గాజులో దాగిన ఆవేశం కొంత తిరిగి పైకి వస్తుంది. ఈ పని ఎవరైనా తెలిసినవారు పక్కన నిలబడి చూపించకుండా మొదటిసారి చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

వర్టికల్ ఐసీ కాళ్లను భూతద్దంలో చూశాను. వెలుతురు ఏటవాలుగా పడేలా చాసిస్‌ను వంచినప్పుడు మూడు కాళ్ల చుట్టూ వెంట్రుకంత సన్నని నల్లని వలయాలు కనిపించాయి. దీన్నే మెకానిక్కులు డ్రై సోల్డర్ అంటారు. ఐసీ హీట్ సింక్‌తో కలిసి రోజూ వేడెక్కి, చల్లబడి, సాగి, కుంచించి, చివరికి టంకం నుంచి విడిపోతుంది. బొమ్మ ఉన్న రోజుల్లోనే ఈ పగుళ్లు మొదలై ఉంటాయి, జాతర బాట కుదుపులు పని పూర్తి చేసి ఉంటాయి. పాత సోల్డరు పీల్చేసి కొత్తది వేయగానే తెర విచ్చుకుంది. అయితే పై అంచున రెండు అంగుళాల మేర బొమ్మ తన మీద తానే మడత పడి, తెల్లని గీతలతో కనిపించింది.

ఐసీ కూడా పోయిందనుకుని కొత్తది తెద్దామని బయలుదేరుతుంటే ఆయన ఆపాడు. ధార కింది అంచుకు చేరిన తరువాత ఒక్క ఉదుటున పై అంచుకు తిరిగి రావాలి. ఆ కొద్ది సమయానికి ఐసీకి మామూలుకన్నా దాదాపు రెట్టింపు వోల్టేజీ అవసరమవుతుంది, ఆ అదనాన్ని పక్కనే ఉండే ఒక చిన్న కండెన్సర్ అందిస్తుంది. అది ఎండిపోతే ధార సమయానికి పైకి చేరదు, బొమ్మ మడత పడుతుంది. తీసి చూస్తే 100 మైక్రోఫారడ్ అని రాసి ఉన్న ఆ కండెన్సర్ మీటరు మీద 11 చూపింది. అది హీట్ సింక్‌కు ఆనుకుని ఉంది. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ చుట్టూ వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఒక లెక్క ఉంది. మే నెల ఓరుగల్లు ఎండలో, రేకుల కింద, మూసిన పెట్టెలో, హీట్ సింక్ పక్కన అది ఇన్నాళ్లు బతకడమే గొప్ప. హనుమకొండలో 85 డిగ్రీల రకమే దొరికింది, కాబట్టి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి చాసిస్‌లో వేడి తగిలే చోట్లన్నిటికీ 105 డిగ్రీల కండెన్సర్లు తెచ్చుకున్నాను. అన్నీ కలిపినా ఖర్చు రైలు, భోజనం ఖర్చులకన్నా తక్కువే అయింది.

బొమ్మ పూర్తిగా వచ్చిన రోజు మరో వింత చూశాను. ఎడమ వైపు పై మూలన ఊదా రంగు మరక, కుడి వైపు కింద ఆకుపచ్చ మరక. ట్యూబు లోపలి సన్నని లోహపు రేకు అయస్కాంతీకరణం చెందితే ధారలు దారి తప్పి పక్క రంగు చుక్కల మీద పడతాయని నాకు తెలుసు. స్పీకరు అయస్కాంతాన్ని అనుమానించి దాన్ని విప్పాను. ఆటోలో వచ్చేటప్పుడు దేనికో తగిలి ట్యూబు లోపలి రేకు వంగిందేమోనని రాత్రంతా దిగులు పడ్డాను. తెల్లవారి చాసిస్ వైపు చూస్తే డీగాసింగ్ చుట్ట ప్లగ్గు గాలిలో వేలాడుతోంది. సిరీస్ బల్బు పరీక్ష కోసం తీసింది నేనే, తిరిగి పెట్టడం మరచిందీ నేనే. పెట్టి స్విచ్చు వేయగానే గుమ్మని ఒక క్షణం మోగి, బొమ్మ వణికి, మరకలు మాయమయ్యాయి. ఈ సంగతి పెద్దాయనకు చెప్పలేదు.

అసలు చిక్కు ఇక్కడి నుంచి మొదలైంది. ఆట మొదలయ్యేది, రెండు మూడు నిమిషాలు నడిచేది, గుంపుగా శత్రువులు వచ్చి ధ్వని పెరిగిన సమయంలో తెర నల్లబడి, తెల్లని పిచ్చిగీతలు మెరిసి, మళ్లీ మొదటి పరీక్ష తెర వచ్చేది. తెర నల్లబడుతోంది కాబట్టి మానిటరే ఆగిపోతోందని నేను వారం రోజులు చాసిస్‌లోనే వెతికాను. ఒక సాయంత్రం తెర నల్లబడిన క్షణంలో ట్యూబు మెడ వైపు చూస్తే హీటరు ఎప్పటిలాగే వెలుగుతోంది. మానిటర్ ఆగలేదు, దానికి సంకేతం పంపే బోర్డే ఆగి మళ్లీ మొదలవుతోంది.

బోర్డుకు కావలసింది 5 వోల్టులు. అందులోని టీటీఎల్ చిప్పులకు 4.75 నుంచి 5.25 దాకా అనుమతి ఉంటుంది, ఆ గీత దాటితే అవి ఏ క్షణాన తడబడతాయో చెప్పలేం. ఎస్‌ఎంపీఎస్ కొసల దగ్గర మీటరు పెడితే 5.05 చూపింది. సరిపోయిందనుకుని బోర్డే పాడైందని నిర్ణయించుకున్నాను. మరమ్మతు పూర్తయ్యేలోపు నేను వేసిన తప్పటడుగుల్లో ఎక్కువ కాలం నన్ను తిప్పింది ఇదే. కాజీపేట పెద్దాయనకు ఆట బోర్డుల సంగతి అంతగా తెలియదు, అయినా ఆయన అడిగిన ప్రశ్నే దారి చూపింది: “నల్లా కాడ నీళ్లెంత వస్తున్నయో సూసినవు, ట్యాంకుల ఎంత పడ్తుందో సూసినవా?”

బోర్డు మీద ఒక చిప్పు కాళ్ల దగ్గరే కొలిచాను. ఆట నడుస్తుండగా 4.60 ఉంది. మధ్యలో 0.45 వోల్టు ఎక్కడో పోతోంది. ఎస్‌ఎంపీఎస్ ప్లస్ కొస నుంచి బోర్డు ప్లస్ దాకా మీటరు పెడితే 0.27, గ్రౌండు కొసల మధ్య పెడితే 0.18. బోర్డు లాగుతున్న కరెంటు మూడు ఆంపియర్లు, కాబట్టి దారిలో ఉన్న మొత్తం నిరోధం 0.15 ఓం. ఓం నియమాన్ని ఇన్నేళ్లుగా నల్లబల్ల మీద వేలసార్లు రాశాను, ఓంలో ఏడో వంతు ఒక యంత్రాన్ని ఆపగలదని మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. మామూలు మీటరును నిరోధం కొలిచే స్థానంలో పెట్టి ఆ తీగల మీద ఉంచితే 0.2, 0.3 అంటూ దాని సొంత తీగల నిరోధాన్నే చూపుతుంది, ఈ లోపం ఆ పద్ధతిలో దొరకదు. కరెంటు పారుతుండగా వోల్టేజీ తగ్గుదలను కొలవడం ఒక్కటే మార్గం.

ఎస్‌ఎంపీఎస్ మీద 5 వోల్టులను సరిచేసే చిన్న మర ఒకటి ఉంటుంది. ఆ మరను తిప్పి అక్కడ 5.5 చేస్తే బోర్డు దగ్గర 5 దాటుతుంది. నేను అదే చేశాను, ఆట పూటంతా ఆగకుండా నడిచింది. సాయంత్రం బోర్డు కనెక్టరును ముట్టుకుంటే వేడిగా ఉంది, దాని ప్లాస్టిక్ ఒక చోట గోధుమ రంగుకు తిరిగింది. భయపడి కనెక్టరును కాస్త కదిపాను, అంతలో స్పర్శ మెరుగుపడి బోర్డు దగ్గర మీటరు 5.38 చూపింది. అది ఇంకాస్త ఎక్కి ఉంటే ముప్పయ్యేళ్ల నాటి చిప్పులు ఏమయ్యేవో! పైగా ఆ ఒక్క మర తిప్పితే 12 వోల్టుల కొస కూడా 13 దాటింది, స్పీకరు నడిపే భాగం ఆ కొస మీదే ఉంది. ఆ మర ఉన్నది చివరి సవరణకు మాత్రమే, తీగలోని లోపాన్ని కప్పిపెట్టడానికి కాదు.

లోపం బోర్డును డబ్బా తీగలతో కలిపే జామ్మా కనెక్టరులో ఉంది. 1980ల నడుమ జపాన్ వినోద యంత్ర తయారీదారుల సంఘం స్థిరపరచిన ఈ అమరికలో ఒక వైపు 28, మరో వైపు 28, మొత్తం 56 స్పర్శలు ఉంటాయి. అందులో 5 వోల్టులకు నాలుగు, గ్రౌండుకు కొసల్లో నాలుగేసి స్పర్శలు కేటాయించింది కరెంటు ఒక్క చోటే పారకుండా పంచుకోవాలని. మా డబ్బాను కట్టిన వారు పొదుపు చూసుకుని 5 వోల్టులకు ఒక్క సన్నని తీగ, గ్రౌండుకు ఒక్క తీగ వేసి, మిగిలిన స్పర్శలను ఖాళీగా వదిలేశారు. ఆ ఒక్క స్పర్శ తుప్పు పట్టగానే మూడు ఆంపియర్లూ సూదిమొనంత చోటు గుండా పారవలసి వచ్చింది. బోర్డు అంచులోని రాగి పట్టీలను ముందు పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచాను. గరుకు కాగితం వాడితే పై పూత పోయి కొద్ది నెలల్లో మళ్లీ మొదటికి వస్తుంది. కొత్త కనెక్టరును ఆన్‌లైన్‌లో తెప్పించి, 5 వోల్టులకు నాలుగు, గ్రౌండుకు నాలుగు మందమైన తీగలు వేరువేరుగా వేసి సోల్డరు చేశాను. ఆ పనికి రెండు ఆదివారాలు పట్టింది. ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్ దగ్గర 5.08, బోర్డు దగ్గర 5.02.

మిగిలిన రెండు లోపాల్లో ఒకటి చిన్నది. తెర మీద వెలుగు ఎక్కువగా ఉన్న దృశ్యం వస్తే బొమ్మ పై భాగం పక్కకు లాగినట్టు వంగేది. బొమ్మను తెర మీద కుదురుగా నిలిపే సింక్ సంకేతం తీగ చివరి దాకా బాగానే ఉంది. వీడియో గ్రౌండు తీగను, అంటే కనెక్టరులో పద్నాలుగో స్పర్శ నుంచి మానిటరుకు వెళ్లేదాన్ని, ఎలుక కొరికేసింది. సంకేతం తిరిగి వచ్చే దారి లేక విద్యుత్తు గ్రౌండు గుండా చుట్టు తిరిగి వస్తోంది, వెలుగు పెరిగినప్పుడల్లా ఆ దారిలోని తగ్గుదల సింక్‌ను కదిలిస్తోంది. ఒక్క తీగ అతికిస్తే పోయింది.

రెండోది చిన్నది కాదు. నాణెం వేసే ఇనుప తలుపును చెప్పులు లేకుండా నిలబడి ముట్టుకుంటే వేళ్లు జిమ్మనేవి. టెస్టరు వెలిగింది, మీటరు నేలకూ తలుపుకూ మధ్య 112 వోల్టులు చూపింది. తీగ ఏదో తగులుతోందని భయపడి అంతా వెతికితే ఎక్కడా తగలడం లేదు. విద్యుత్తు లోపలికి వచ్చే చోట ఉన్న ఫిల్టరులో ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చొప్పున రెండు చిన్న కండెన్సర్లు లోహపు పెట్టెకు కలిసి ఉంటాయి. ఆ పెట్టెకు ఎర్తు లేకపోతే అది రెండింటి నడుమ, అంటే 230లో సగం దగ్గర తేలుతుంది. ప్లగ్గుకు మూడు పిన్నులు ఉన్నాయి, మా గోడ సాకెట్టుకూ మూడు రంధ్రాలు ఉన్నాయి, ఆ మూడో రంధ్రం వెనుక మాత్రం తీగే లేదు. ఇల్లు కట్టినప్పటి నుంచి, అంటే పద్దెనిమిదేళ్లుగా, ఫ్రిజ్జు, గ్రైండరు అన్నీ అలాగే నడిచాయన్న మాట. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి పెరట్లో గుంత తీయించి, బొగ్గు, ఉప్పు పోయించి, ఎర్తు తీగను అన్ని సాకెట్లకూ లాగించాను. మరమ్మతు మొత్తంలో ఎక్కువ డబ్బు అయింది దానికే. ఇప్పుడు తలుపు మీద మీటరు సున్నా దగ్గరే ఉంటుంది.

జూలై మొదటి వారంలో ఆరు గంటలు ఆపకుండా నడిపి, గంట గంటకూ బోర్డు దగ్గర వోల్టేజీ రాసుకున్నాను. రాత్రి ఎనిమిదింటికి వీధిలో అందరి ఏసీలూ నడుస్తుండగా గోడ దగ్గర 198 వోల్టులకు పడిపోయినా బోర్డు దగ్గర 5.01 కన్నా తగ్గలేదు. ఒక్క కొరత మాత్రం మిగిలింది. స్విచ్చు వేసిన మొదటి రెండు నిమిషాలు బొమ్మంతా పసుపు రాసినట్టు కనిపించి తరువాత మామూలు రంగుకు వస్తుంది. ట్యూబులోని మూడు ఎలక్ట్రాన్ గన్నుల్లో నీలం రంగుది అరిగిపోయి ఆలస్యంగా వేడెక్కుతోంది. హీటరుకు 6.3 వోల్టులకు బదులు కాస్త ఎక్కువ ఇచ్చి దాన్ని లేపే పద్ధతి ఉందని పెద్దాయనను అడిగితే, “ముసలోన్ని ఉరికిస్తే కొన్నొద్దులే సారూ, ఉన్నకాడికి ఉండనియ్యి” అన్నాడు. మామ వచ్చినప్పుడు నేను స్విచ్చు వేస్తాను, పసుపు విడిచే దాకా ఇద్దరం చాయ్ తాగుతాం, ఆ తరువాతే ఆయన బిళ్ల వేస్తాడు.